పొరుగువాని కుక్కయు, మన పెరటి కోళ్లును

మన గ్రామములలో పెరటియందు నాలుగు కోళ్లు లేని కాపురము అరుదు. రైతు తన ఆస్తిని లెక్కించునపుడు పొలమును, ఎడ్లను, పాడిగేదెను చెప్పునుగాని కోళ్లను చెప్పడు. ఏలయన, అవి ఆయనవి కావు, ఇల్లాలివి. గ్రుడ్లమ్మిన పైకము ఆమె కొంగున ముడివడి పిల్లవాని పుస్తకములకును, సంతలో ఉప్పు మిరపకాయలకును, పుట్టింటి ప్రయాణమునకును వచ్చుచుండును. సెంటు భూమి లేని కూలివారి యింట జ్వరము తగిలినప్పుడు మందులకు మొదట అమ్ముడుపోవునది కోడిపుంజే. కావున ఎవరి పెరటిలోనో ఏడు కోళ్లు చచ్చినవని విని “కోళ్లే గదా” యని నవ్వువారు ఆ యింటి జమాఖర్చు నెరుగనివారు.

కోళ్ల తెగుళ్లను గూర్చి ఈ పత్రికలో పలుమారులు వ్రాయబడినది. కొక్కెర తెగులునకు టీకా కలదు. పొరుగువాని కుక్క నోటికి టీకా లేదు. గ్రామములలో తిరుగునపుడు ఎరువులను, విత్తనములను గూర్చి యడిగిన పిమ్మట, సభ ముగియువేళకు ఎవరో యొకరు మమ్ము ప్రక్కకు పిలిచి యడుగు ప్రశ్న యిదియే: “అయ్యా, పొరుగింటి కుక్క మా కోళ్లను తినుచున్నది, చట్టమేమైనా కలదా?” కలదు. కాని రైతులు అనుకొను చోట లేదు. వేరొక చోట నున్నది. అది ఎచ్చటనో తెలియకపోవుటచే నష్టపడినవారే నేరస్థులగుట మేమెరుగుదుము.

గోదావరి డెల్టాలో ఒక గ్రామమున ఇద్దరు రైతులు ఇరుగుపొరుగువారు, ఒకే సంఘమున సభ్యులు. ఒకరి ఋణపత్రముపై మరియొకరు హామీ సంతకము చేయుట చాలయేండ్లుగా మామూలు. ఒకనాటి ఉదయము ఇంటిల్లిపాదియు ఊడ్పులకు పోయినవేళ కుక్క యొకటి కంచె దూరి తొమ్మిది కోళ్లను చంపెను. తినినది ఒక్కదానినే, తక్కినవానిని కొరికి పారవేసెను. ఇంటాయన పొరుగింటికి పోయి అడుగగా “మా కుక్కయే యని నీవు చూచితివా?” యని ఎదురుప్రశ్న వచ్చినది. చూచినవారు లేరు. మాటకు మాట పెరిగినది. మూడవనాడు ఆయన పురుగుమందు కలిపిన మాంసపు ముద్దలను కంచె వెంబడి పెట్టెను. చచ్చినది పొరుగింటి కుక్క కాదు. వీధి చివర కల్లము కాచుకొను వేరొక రైతు కుక్క. ఆ రైతు పోలీసు స్టేషనుకు పోయెను. అంతవరకు ఫిర్యాది కావలసిన మనిషి ఆ సాయంకాలమునకు ముద్దాయి యయ్యెను. దాళ్వా పెట్టుబడికి సంఘమున అప్పు తీయబోగా హామీ సంతకము చేయువారు లేక, వడ్డీ వ్యాపారి గడప త్రొక్కవలసి వచ్చెను. తొమ్మిది కోళ్ల నష్టము ఎంతో, ఆ వడ్డీ యెంతో పాఠకులే లెక్కకట్టుకొనవచ్చును.

కనుక చేయరానిది మొదట చెప్పెదము. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను ప్రకారము, ఏ జంతువునైనను దురుద్దేశముతో చంపుట, విషము పెట్టుట, అవయవము పోగొట్టుట నేరము. అయిదు సంవత్సరముల వరకు ఖైదు, లేదా జుర్మానా, లేదా రెండును విధింపవచ్చును. ఇతరుల ప్రాణమునకు హాని కలుగునట్లు అజాగ్రత్తగా విషపదార్థమును వాడుట 286వ సెక్షను క్రింద మరియొక నేరము. ఇవి గాక 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము వేరే కలదు. కుక్క కోడిని పట్టుకొనియున్న క్షణమున కఱ్ఱతో అదలించి తరుముట, కోడిని విడిపించుటకు అవసరమైనంత మట్టుకు కొట్టుట నేరమని ఎవరును అనరు. కాని అది పారిపోయిన తరువాత వెంటాడి కొట్టిచంపుట, మరునాడు పొంచియుండి చంపుట కోళ్లను కాచుకొనుట కాదు, కక్ష తీర్చుకొనుట. న్యాయస్థానము ఈ రెంటిని వేరుగా చూచును.

ఇక రైతులు సాధారణముగా వెదకు మార్గములు. కొందరు బందెలదొడ్డికి తోలవచ్చునా యని యడుగుదురు. బందెలదొడ్లకు ఆధారమైన 1871 నాటి చట్టమున ‘పశువులు’ అనగా ఏవియో పేరుపేరున చెప్పియున్నారు. అందు ఏనుగు కలదు, ఒంటె కలదు, గాడిద, పంది, మేకపిల్ల కలవు, కుక్క లేదు. కావున మన పైరుమేసిన దున్నను బందె పెట్టినట్లు మన కోళ్లు తినిన కుక్కను బందె పెట్టుట కుదరదు.

మరికొందరు నేరుగా పోలీసులయొద్దకు పోవుదురు. జంతువులను అజాగ్రత్తగా విడిచిపెట్టుటను గూర్చి న్యాయ సంహితలో 291వ సెక్షను కలదు; శిక్ష ఆరునెలల వరకు ఖైదు, లేదా అయిదువేల రూపాయల వరకు జుర్మానా, లేదా రెండును. అయితే ఆ సెక్షను మనుష్యుల ప్రాణమునకుగాని, తీవ్రమైన గాయమునకుగాని అపాయము కలుగు సందర్భమునకు మాత్రమే చెల్లును. కోడి మనిషి కాదు గదా! కుక్క పిల్లలమీదికి, ముసలివారిమీదికి ఉరుకుచున్నదన్నప్పుడు ఈ సెక్షను పనికివచ్చును. కోళ్లు మాత్రమే పోయినప్పుడు పనికిరాదు. యజమానుడే కుక్కను కోళ్లమీదికి ఉసిగొలిపినాడని సాక్ష్యమున్నయెడల అది వేరు సంగతి. అపుడు పైని చెప్పిన 325వ సెక్షను అతనికే వర్తించును. ఊరక విడిచిపెట్టినవానికి, ఉసిగొలిపినవానికి గల ఈ భేదమును తెలియక స్టేషనుకు పోయినవారు “ఇది సివిలు తగాదా, పొండు” అను మాట విని, పోలీసులు పొరుగువాని పక్షమని అపోహపడి వచ్చుచుందురు. ఆ మాట నిజమే. ఇది సివిలు తగాదాయే. అందువలననే దానికి గట్టి సాధనము కలదు.

కుక్క చేసిన నష్టమునకు యజమానుడు పరిహార మియ్యవలెనన్న ప్రత్యేక శాసనము మనకు లేదు. ఇంగ్లండు సామాన్య న్యాయమునుండి వచ్చిన సూత్రములనే మన సివిలు కోర్టులు అనుసరించుచున్నవి. ఆ సూత్రములలో ముఖ్యమైనది ఎరుక. పులిని పెంచినవాడు అది యేమి చేసినను బాధ్యుడు. కుక్క వంటి సాధుజంతువును పెంచినవాడు, దానికి అట్టి చెడ్డ అలవాటు కలదని తాను ఎరిగియుండియు విడిచిపెట్టినట్లు గాని, జాగ్రత్త వహింపనట్లు గాని ఋజువైనప్పుడు బాధ్యుడు. ఇది క్రొత్త తలంపు కాదు. పొడుచు ఎద్దును గూర్చి మోషే ధర్మశాస్త్రమున సైతము యజమానుడు ముందుగా హెచ్చరిక పొందెనా లేదా యన్నదే ప్రశ్న. హెచ్చరిక పొందియు కట్టివేయనివాని బాధ్యత మిక్కిలి హెచ్చు. ఇంగ్లండులో కోళ్లవిషయమై ఈ ఎరుకను ఋజువుపరచు బాధను 1928 నాటి చట్టముతో తీసివేసిరి. ఇప్పుడు అచ్చట 1971 చట్టము ప్రకారము కుక్క కోడిని చంపినదని తేలిన చాలును, దానిని ఉంచుకొనినవాడు పరిహార మియ్యవలసినదే. మనకు అట్టి చట్టము లేదు గనుక ఎరుకను మనమే కలిగింపవలెను.

అనగా, మొదటి కోడి చచ్చిననాడే పొరుగువానికి వ్రాతమూలముగా తెలుపవలెను. మొదటిసారి “నా కుక్క అట్టిదని నాకు తెలియదు” అను మాటకు విలువ కలదు. కాగితము చేతికందిన తరువాత ఆ మాటకు విలువ లేదు. మొదటి నష్టమునకు పరిహారము రాకపోయినను రెండవ నష్టమునకు త్రోవ తెరచునది ఆ కాగితమే. మన రైతులు దీనినే చేయరు. ఏలయన పొరుగువాడు బావయో, బాబాయియో, అన్నయో వరుస కలిసియుండును; నోటితో చెప్పిన చాలునని యుందురు. నోటితో చెప్పుడు, తప్పక మొదట నోటితోనే చెప్పుడు. “బావా, నీ కుక్క మా కోళ్లమీద పడినది, కట్టివేయించు” అని మంచిమాటగా, నలుగురి ఎదుట చెప్పుడు. కాని ఆ సాయంకాలమే ఒక కాగితము కూడ వ్రాయుడు. వ్రాతయన్నది పగకు గురుతని మనవారనుకొందురు. ఇది వట్టి భ్రమ. అప్పు తీసికొనునపుడు సంఘమునకు పత్రము వ్రాసియిచ్చుట సంఘముతో పగయా?

నోటీసు మాదిరి ఇట్లుండవచ్చును:

“ఫలానా గ్రామ కాపురస్థులు శ్రీ ఫలానా గారికి, అదే గ్రామ కాపురస్థురాలు ఫలానా వ్రాయించునది. ఫలానా తేదీ ఉదయము సుమారు తొమ్మిది గంటలకు తమ యింట పెరుగుచున్న తెల్లమచ్చల నల్లకుక్క మా పెరటి దక్షిణపు కంచె క్రిందుగా వచ్చి మూడు పెట్టలను, ఒక పుంజును చంపినది. చూచినవారు ఫలానా, ఫలానా. తమ కుక్కకు కోళ్లను పట్టు అలవాటు కలదని ఇందుమూలముగా తమకు తెలియజేయుచున్నాను. ఇకమీదట దానిని మా పెరటిలోనికి రాకుండ కట్టడి చేయవలసినదనియు, జరిగిన నష్టము ఇన్ని రూపాయలు పదునైదు దినములలో ఇప్పించవలసినదనియు కోరుచున్నాను.”

దీనికి రెండు ప్రతులు వ్రాసి, ఒకటి పొరుగువానికిచ్చి రెండవదానిపై ముట్టినట్లు సంతకము తీసికొనవలెను. సంతకము చేయనన్నచో స్పీడు పోస్టున పంపి రశీదును భద్రపరచవలెను. తిట్లు, బెదిరింపులు, “నీ కుక్కను బ్రతుకనియ్యను” అను మాటలు కాగితముపైకి ఎక్కనియ్యరాదు. రేపు ఆ కుక్క ఏ రోగముతో చచ్చినను ఆ మాటయే మీ మెడకు చుట్టుకొనును.

చంపినది కుక్కయే యని చూపుట మరియొక పని. మన పెరళ్లకు వచ్చు దొంగలు కుక్క యొక్కటియే కాదు. నక్క, బావురుపిల్లి, ముంగిస కూడ కలవు. నక్కయు, పిల్లియు ఆకలికి వచ్చి సాధారణముగా ఒకదానిని నోట కరచుకొని పోవును. ఈకల జాడ కంచె దాటి పోవును. ముంగిస మెడయు తలయు కొరుకును. కుక్క మాత్రము పెక్కుమార్లు ఆటగా చంపును: ఒకటి వెంబడి ఒకటి పట్టి విదిలించి, వీపును తొడలును నలిపి, శవములను అచ్చటనే విడిచిపోవును. అదియు పట్టపగలు చేయును. తడినేలపై అడుగుజాడ చూచిన యెడల కుక్కపాదమునకు గోళ్ల గురుతులు కనబడును. పిల్లిజాతి గోళ్లను ముడుచుకొని నడచును గనుక సాధారణముగా కనబడవు. ఈ గురుతులన్నియు చెడకముందే చేతిఫోనుతో ఛాయాచిత్రములు తీయవలెను; చచ్చిన కోళ్లను, కంచెలోని కంతను, జాడలను విడివిడిగా తీయవలెను. ఆ చిత్రములను ఫోనునుండి తుడిచివేయరాదు. వీలైనచో ఒక కోడిని పశువైద్యశాలకు కొనిపోయి, కుక్కకాట్లచే చచ్చినదని డాక్టరుగారిచే వ్రాయించుకొనుట మేలు. చూచినవారు ఇంటివారు కాక బయటివారైనచో సాక్ష్యమునకు బలమెక్కువ.

తరువాత శవములను లోతుగా పూడ్చవలెను. ఇచ్చట మన తప్పొకటి చెప్పక తీరదు. తెగులు తగిలి చచ్చిన కోళ్లను పెంటమీదను, బోదెలోను విసరివేయుట గ్రామములలో పరిపాటి. ఊరి కుక్కలన్నియు కోడిరుచిని అచ్చటనే నేర్చుకొనుచున్నవి. అట్లు నేర్చుకొనిన కుక్కకు చచ్చిన కోడికిని, బ్రతికిన కోడికిని భేదము తెలియదు.

నష్టము లెక్కకట్టుటలో మనవారు రెండు విధముల పొరపడుదురు. ఒకరు కూరకోడి ధర మాత్రమే అడుగుదురు. ఇది తక్కువ. పెట్ట పొదుగుచుండగా చచ్చినయెడల దానిక్రింది గ్రుడ్లు కూడ పోయినవి; గ్రుడ్డు పిల్లయగుటకు ఇరువదియొక్క దినములు ఎడతెగని వెచ్చదనము కావలెను గదా. వారము దినముల పిల్లలుగల తల్లి చచ్చినచో, వేరుగా వెచ్చదనము కల్పింపనిచో ఆ పిల్లలలో మిగులునవి కొద్ది. వనరాజా, గ్రామప్రియ వంటి జాతులను పిల్లలుగా కొని పెంచినవారు కొన్న రశీదును, తిండి ఖర్చును చూపవచ్చును. వీనినెల్ల ఆ వారపు సంతధరతో వ్రాసి కట్టవలెను. రెండవవిధము పొరపాటు దీనికి తలక్రిందులు: చచ్చిన పుంజు డేగయనియు, సంక్రాంతికి బరిలో దిగినచో లక్ష తెచ్చియుండెడిదనియు చెప్పువారు. కోళ్లను పోరుకు ఉసిగొలుపుట 1960 చట్టము ప్రకారము నేరము. ఆ లక్షను జడ్జిగారి ఎదుట అడుగువాడు తన నేరమును తానే చెప్పుకొనుచున్నాడు. అసీలు జాతి పుంజునకు జాతి ధర యుండుట నిజమే. ఆ ధర నడుగుడు, పందెపు సొమ్ము నడుగకుడు.

పూర్వము ఇట్టి చిల్లర దావాలు గ్రామ మునసబు చావడిలో తీరెడివి. ఆంధ్రప్రదేశమున 1984లో మునసబు కరణముల ఉద్యోగములు రద్దైనవి. ఆ త్రోవ లేదు. నాలుగు కోళ్లకొరకు వకీలును పెట్టి మునసిఫు కోర్టుకు తిరిగినచో కోళ్లవెంట ఎడ్లుకూడ పోవును. కాని 1987 నాటి న్యాయసేవల చట్టమువలన ఏర్పడిన లోక్ అదాలతును మన రైతులు తగినంత వాడుకొనుటలేదు. దగ్గరి కోర్టు ఆవరణలోనుండు మండల న్యాయసేవా కమిటీకి తెల్లకాగితముపై అర్జీ యిచ్చినయెడల, దావా వేయకముందే ఇరువురిని పిలిపించి రాజీకి ప్రయత్నింతురు. కోర్టు ఫీజు లేదు. అచ్చట కుదిరిన రాజీ సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. పొరుగువాడు రాజీకి ఒప్పుకొననిచో అపుడు దావా మిగిలియున్నది. దానికి మూడు సంవత్సరముల గడువు కలదుగాని, ఆలస్యమైన కొలది సాక్షుల జ్ఞాపకము సన్నగిల్లును. మరియొక సంగతి: ఆ చట్టము ప్రకారము స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము కలదు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి కూడ అట్లే. కోళ్లు ఇల్లాలివని మొదట వ్రాసితిమి. అందుచేత అర్జీ ఆమె పేరనే యుండుట న్యాయమును, లాభమును కూడ.

కుక్క కోళ్లతో ఆగక ఊరివారికెల్ల అపాయకరమైనదైనచో, నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను క్రింద జిల్లా మేజిస్ట్రేటునకు గాని, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటునకు గాని పదిమంది కలిసి అర్జీ పెట్టుకొనవచ్చును. యజమానుని సంజాయిషీ విని, అపాయకరమైన జంతువును కట్టడిచేయుమని ఉత్తరువిచ్చు అధికారము వారికి కలదు. ఎవరిదియు కాని వీధికుక్కల సంగతి వేరు; వానిని గూర్చి 2023 నాటి నియమముల ప్రకారము సంతాననిరోధ శస్త్రము, పిచ్చికుక్క రోగపు టీకా చేయించు బాధ్యత స్థానిక సంస్థలది. దానిని వేరొక నెల వ్రాసెదము.

ఎదుటివాని పక్షమునుకూడ వినవలెను. మీ కోళ్లు ఆతని కల్లములో ఎండబెట్టిన వడ్లను కెలుకుచున్నప్పుడు, ఆతని వంకాయమడిలో మొలకలను పెకలించుచున్నప్పుడు, ఆతని దొడ్డిలోనే ఆతని కుక్క వానిని పట్టినయెడల మీ అర్జీకి బలము మిక్కిలి తగ్గును. కోళ్లయెడ అంత దయగల ఆ 1971 ఇంగ్లండు చట్టము సైతము, కుక్కగలవాని నేలకు తప్పించుకొనిపోయి చచ్చిన కోళ్లకు పరిహార మియ్యదు. కుక్కగలవారికి ఒక మాట: కట్టివేయుడన్న రేయింబవళ్లు గొలుసున నుంచుడని కాదు. ఎల్లప్పుడు కట్టియుంచు కుక్కను తగినంత త్రిప్పకుండుట కూడ జంతుహింసా చట్టము క్రింద తప్పే. కోళ్లు బయటనుండు పగటివేళ కట్టి, అవి గూటికి చేరిన పిమ్మట విడిచినయెడల కుక్కకు హాయి, ఇంటికి కాపలా. కడుపునిండ పెట్టిన కుక్కయు కోళ్లను పట్టును గనుక తిండిపెట్టినంత మాత్రమున బాధ్యత తీరదు.

కట్టడికి ముందు కంచె. తుమ్మకంప కంచె మనిషికి అడ్డమేగాని కుక్కకు కాదు. అది క్రిందుగా త్రవ్వుకొని వచ్చును. కోళ్లు తిరుగు భాగమునకైనను ఇనుప వల వేసి, దాని అడుగును అడుగువెడల్పున వెలుపలివైపునకు వంచి మంటిలో పూడ్చవలెను. త్రవ్వబోవు కుక్కకు పంజాక్రింద వల తగిలి మానుకొనును. పొదుగు పెట్టను నేలమీది గంపక్రింద మూయరాదు. కుక్క గంపను మూతితో తిరుగవేయును. గుంజలమీద మొలయెత్తున కట్టిన గూడు, ఇనుప గడియగల తలుపు చాలును. సాయంకాలము కోళ్లను లెక్కించి తలుపు మూయుట ఇంట ఎవరి పనియో ముందే నిర్ణయించుకొనవలెను. అందరి పనియైనచో ఎవరును చేయరు.

పైని వ్రాసిన నోటీసు మాదిరిని ప్రతి తీయించి సంఘ కార్యాలయమున గోడకు అంటింపవలసినదిగా కార్యదర్శులను కోరుచున్నాము. చదువురాని సభ్యురాండ్రు వచ్చి అడిగినచో వ్రాసిపెట్టుటకు గుమాస్తాకు పావుగంట పట్టును.